గుణకారంలో నడిమి సంఖ్య

కాగితం, కలం లేకుండా రెండంకెల సంఖ్యలను గుణించాలంటే ఎన్ని సూత్రాలు నేర్చుకోవాలని కందుకూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. పోటీ పరీక్షల శిక్షణలో ఐదుతో ముగిసే సంఖ్యలకు ఒకటి, నూటికి దగ్గరగా ఉన్నవాటికి ఒకటి, పదకొండుకు మరొకటి చెబుతున్నారట. ఏ లెక్కకు ఏ సూత్రమో గుర్తు తెచ్చుకునేలోగా మామూలు పద్ధతిలోనే లెక్క తేలిపోతుందని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే. ఒక్క సూత్రాన్ని లోతుగా పట్టుకుంటే చాలా లెక్కలకు అదే సరిపోతుందని, విడిగా నేర్పే చిట్కాల్లో కొన్ని దాని రూపాలేనని నా అభిప్రాయం.

నెల్లూరులో ఇంటిస్థలాన్ని అంకణాల్లో చెప్పుకుంటారు. ఇక్కడి అంకణం 72 చదరపు అడుగులు. 36 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు ఉన్న స్థలం ఎన్ని అంకణాలవుతుంది? 36, 44 రెండూ 40కి చెరోవైపున నాలుగేసి దూరంలో ఉన్నాయి. 40 వర్గం 1600, 4 వర్గం 16, మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే 1584 చదరపు అడుగులు. 72తో భాగిస్తే సరిగ్గా 22 అంకణాలు. రెండు రాశుల మొత్తాన్ని వాటి భేదంతో గుణిస్తే వాటి వర్గాల భేదం వస్తుందని హైస్కూలులో అందరమూ వల్లె వేసినదే. అయితే చాలాచోట్ల దాన్ని అక్షరాలతో నేర్పి, అంకెల మీద పెద్దగా వాడించకుండానే పాఠం ముగిస్తారు. అక్షరాల లెక్క వేరు, అంకెల లెక్క వేరు అనే భ్రమ పిల్లల్లో అక్కడే మొదలవుతుంది.

ఇది ఎందుకు నిజమో చూడటానికి బీజగణితం అక్కరలేదు, ఒక వరిమడి చాలు. పొడవు 40 గజాలు, వెడల్పు 40 గజాలు ఉన్న మడికి ఒక పక్క గెనిమను, అంటే గట్టును, నాలుగు గజాలు లోపలికి జరిపామనుకుందాం. పోయిన పట్టీ 40 గజాల పొడవు, 4 గజాల వెడల్పు, అంటే 160 చదరపు గజాలు. దానికి బదులుగా రెండో దిక్కున గెనిమను నాలుగు గజాలు బయటికి జరిపితే, కొత్తగా కలిసిన పట్టీ పొడవు 40 కాదు, 36 మాత్రమే, ఎందుకంటే మడి వెడల్పు అప్పటికే తగ్గింది. వచ్చింది 144, పోయింది 160. నష్టం 16, అంటే నాలుగుకు నాలుగు గజాల ఒక మూల. చుట్టూ ఉన్న గెనిమ పొడవు మాత్రం అప్పుడూ ఇప్పుడూ 160 గజాలే. జరపడం కొనసాగిస్తే పది గజాల దగ్గర 100 చదరపు గజాలు, ఇరవై దగ్గర 400, ముప్ఫై దగ్గర 900 నష్టపోతాం. నలభై గజాలు జరిపేసరికి మడే మిగలదు. చుట్టుకొలత మారని దీర్ఘచతురస్రాలలో చదరానికే ఎక్కువ వైశాల్యం ఉంటుందన్న సంగతి కూడా ఇందులోనే తేలిపోయింది. ఎంత తక్కువ జరిపితే నష్టం అంత స్వల్పం కనుక, దగ్గర దగ్గర సంఖ్యల దగ్గర ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

మనోగణితంలో అసలు కష్టం గుణించడం కాదు, మధ్యలో వచ్చిన అంకెలను జారిపోకుండా పట్టుకోవడం. మనసు ఒకేసారి నిలుపుకోగల విడి అంశాలు ఇంచుమించు ఏడని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ అంటే, నాలుగుకు మించవని 2001లో అదే రంగానికి చెందిన నెల్సన్ కోవన్ వాదించాడు. 67ను 73తో మామూలుగా గుణిస్తే 201ని ఒక మూల దాచి, 4690ని తయారుచేసి, ఆ రెండింటినీ కలపాలి. నడిమి సంఖ్య 70 అని గుర్తిస్తే 4900లోంచి 9 తీసేయడమే పని, 4891. మార్కాపురం పలక మీద ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, మిగులును పైన రాసుకుంటూ ఎడమకు జరగడం రాతకు తగిన పద్ధతి. పలక లేనప్పుడు కూడా దాన్నే కళ్ళ ముందు ఊహించుకుని కుడి నుంచి మొదలుపెట్టమనడం అనవసరమైన బరువు. తలలో చేసే లెక్క పెద్ద స్థానం నుంచి సాగాలి, జవాబును నోటితో చెప్పే వరుస కూడా అదే.

అయితే నడిమి సంఖ్య వర్గం తెలియకపోతే ఏం చేయాలి? 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో చెప్పిన వర్గ సూత్రాల్లో ఒకటి ఇదే తూకాన్ని తిరగేస్తుంది. సంఖ్యలోంచి మనకు ఇష్టమైన మరో సంఖ్యను ఒకసారి తీసి, ఒకసారి కలిపి, వచ్చిన రెండింటినీ గుణించి, ఇష్టసంఖ్య వర్గాన్ని చేర్చాలి. 47 వర్గానికి ఇష్టసంఖ్య 3 అనుకుంటే, 44ను 50తో గుణిస్తే 2200, దానికి 9 చేరిస్తే 2209. 85 వర్గానికి 5 తీసుకుంటే 80, 90ల లబ్ధం 7200, దానికి 25 కలిపితే 7225. ఐదుతో ముగిసే సంఖ్యలకు ప్రత్యేక సూత్రమంటూ శిక్షణ తరగతుల్లో నేర్పేది ఇదే. దాన్ని వేదాల్లోంచి వచ్చిన రహస్యమని చెప్పడం మరో వింత. వేదగణితంగా ప్రచారంలో ఉన్న సూత్రాలు 1965లో అచ్చయిన ఒక గ్రంథంలోనివి. ఇప్పుడు లభిస్తున్న అథర్వవేద పాఠాల్లో అవి లేవని పండితులు తేల్చారు. లెక్క నిజం కావడానికి దానికి పవిత్రత అంటగట్టనక్కరలేదు.

సరి, బేసి సంఖ్యలు జతపడినప్పుడు నడిమి సంఖ్యలో సగం వస్తుంది కదా అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. 36, 45లను చూడండి: మధ్యది నలభైన్నర, దూరం నాలుగున్నర. నలభైన్నర వర్గం అంటే 40, 41ల లబ్ధానికి పావు ఎక్కువ, 1640 పావు; నాలుగున్నర వర్గం 4, 5ల లబ్ధానికి పావు ఎక్కువ, 20 పావు. తీసివేతలో రెండు పావులూ రద్దయి 1620 మిగిలింది. బేసి మొత్తం వచ్చిన ప్రతిసారీ ఇలాగే జరుగుతుంది. కాబట్టి ప్రతి సంఖ్య వర్గంలో నాలుగో వంతును, భిన్నం వదిలేసి, ఒక పట్టికగా రాసుకుంటే గుణకారం కూడిక, తీసివేతలుగా మారిపోతుంది: మొత్తం 81కి ఎదురుగా 1640, భేదం 9కి ఎదురుగా 20. 1817లో ఆంత్వాన్ వ్వాజాన్ వెయ్యి దాకా ఇలాంటి పట్టిక అచ్చువేశాడు; 1888లో జోసెఫ్ బ్లేటర్ రెండు లక్షల దాకా తీసుకెళ్ళాడు, అంటే ఐదంకెల సంఖ్యలు రెండింటిని ఆ పుస్తకంతో గుణించవచ్చు. ఆ తర్వాత సంఖ్యలను వోల్టేజిలుగా చూపి లెక్కించిన అనలాగ్ కంప్యూటర్లలోనూ రెండు వోల్టేజిలను నేరుగా గుణించలేక, మొత్తాన్నీ భేదాన్నీ డయోడ్లతో వర్గం చేయించి తీసివేసిన వలయాలు ఉండేవి.

పనికిరాని చోట్లూ ఉన్నాయి. 37, 82ల మధ్య దూరం ఎక్కువ. అక్కడ 37ను 80తో గుణించి 2960కి 74 కలిపి 3034 అనడమే తెలివి. 96, 97 లాంటి పక్కపక్క సంఖ్యలకు ఈ దారి తిరిగి తిరిగి మొదటికే వస్తుంది, ఎందుకంటే తొంభై ఆరున్నర వర్గం కట్టడానికి మళ్ళీ 96, 97ల లబ్ధమే కావాలి.

దీన్నే వెనకనుంచి నడిపితే కారణాంకాలు దొరుకుతాయి. 1643లో ఒక లేఖలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 2027651281ని ఇలాగే విడదీశాడు. దాని వర్గమూలం 45029 దాటుతుంది కనుక 45030 నుంచి ఒక్కొక్క సంఖ్య వర్గంలోంచి దాన్ని తీసివేస్తూ, మిగిలింది పూర్ణవర్గమా అని చూస్తూ పోవాలి. పన్నెండో సంఖ్య 45041 దగ్గర 1040400 మిగిలింది, అది 1020 వర్గం. కనుక కారణాంకాలు 46061, 44021. అవి ఒకదానికొకటి దగ్గరగా ఉండబట్టే పన్నెండు మెట్లలో పని అయింది. రహస్య సందేశాలకు వాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో ఎంచుకునే రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు మరీ దగ్గరగా ఉండకూడదని ప్రమాణాల్లో నియమం పెట్టింది, వాటి లబ్ధాన్ని ఇలా విడదీసి రహస్యాన్ని ఛేదించే దాడికి అందకుండా ఉండటానికే.