మందు రాయడం నేర్చుకున్నారు, మరి సైకోథెరపీ?

ఎండీ సైకియాట్రీ పూర్తిచేసి కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్లను కదిపి చూడండి. ఏ మందు ఎంత డోసుతో మొదలుపెట్టాలో, ఎప్పుడు పెంచాలో గడగడా చెప్పేస్తారు. అదే ఒక పేషెంటుతో నెలల తరబడి, వారం వారం కూర్చుని సైకోథెరపీ (మాటలతో చేసే మానసిక చికిత్స) చేశారా, అప్పుడు మీ తప్పొప్పులు చూసిన సీనియర్ ఎవరు అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. తప్పు వాళ్లది కాదు, దీని వెనక వందేళ్ల కథ ఉంది.

మన దగ్గర ఈ విద్య ఆలస్యంగా వచ్చిందనుకుంటే పొరపాటు. 1922లోనే గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో ఇండియన్ సైకో ఎనలిటికల్ సొసైటీ పెట్టారు, మనసును మాటలతో విశ్లేషించే సైకో ఎనాలిసిస్‌కు ఆద్యుడైన ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపారు, ఆయనతో విభేదించారు కూడా. కానీ ఆ విద్య ఆ చిన్న బృందాన్ని దాటి మెడికల్ కాలేజీల్లోకి పెద్దగా రాలేదు. మిగతా దేశానికి ఉన్నవి బ్రిటిష్ కాలం నాటి పిచ్చాసుపత్రులే, వైజాగ్‌లో 1871లో మొదలైనదీ అలాంటిదే.

1954లో బెంగళూరులో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ పెట్టి (అదే 1974లో నిమ్హాన్స్ అయింది) డాక్టర్లకు ఒక డిప్లొమా, సైకాలజిస్టులకు ఇంకో డిప్లొమా మొదలుపెట్టారు. దాదాపు అదే కాలంలో తీవ్రమైన మానసిక జబ్బులకు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వచ్చింది. ఏళ్ల తరబడి వార్డుల్లో మగ్గినవాళ్లు ఆ మందుతో కుదుటపడి ఇళ్లకు వెళ్లడం కళ్లారా చూసిన తరం మందులనే నమ్ముకుందంటే తప్పుపట్టలేం. రానురాను మందు డాక్టరు పని, మాట సైకాలజిస్టు పని అన్న పంపకం స్థిరపడిపోయింది. సైకాలజిస్టు ఉన్నచోట అది బాగానే నడుస్తుంది, లేనిచోట మాట్లాడే పని ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇక "మనవాళ్లకి సైకోథెరపీ పడదండీ, సలహా చెప్పేసి పంపేయాలి" అనే మాట ఉందే, అది నాకు అస్సలు మింగుడుపడదు. 1950లలో అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్లో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, పేషెంట్లతోపాటు వాళ్ల కుటుంబాలనూ అక్కడే ఉంచి, అందరితో కూర్చుని మాట్లాడేవారు. మన పేషెంటు డాక్టరు నుంచి ఏం ఆశిస్తాడో సూర్య, జయరామ్ అనే డాక్టర్లు 1964లోనే రాశారు. సైకియాట్రిస్టు జె.ఎస్. నేకీ 1973లో గురుశిష్య సంబంధాన్నే థెరపీకి నమూనాగా చూపించారు. అంటే మనకు తగ్గట్టు ఎలా చేయాలో ఆలోచించినవాళ్లు ఉన్నారు, ఆ ఆలోచన పీజీ ట్రైనింగులో పాఠంగా మాత్రం కుదురుకోలేదు.

కుదురుకోకపోవడానికి ఓపీ రద్దీ ఒక పెద్ద కారణం. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో (మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు) ఒక్క కేరళలో తప్ప ఎక్కడా లక్ష జనాభాకి ఒక సైకియాట్రిస్టు కూడా లేరు. ఏ ప్రభుత్వాసుపత్రి ఓపీలోనైనా చూడండి, గుండెదడ, ఒళ్లంతా మంటలు, నిద్ర పట్టదు అంటూ వచ్చిన ఆవిడ, ఇంట్లో తాగుడు గొడవ సంగతి ఎత్తేసరికి వెనకాల లైను గుమ్మం దాటి ఉంటుంది, పీజీ చెయ్యి అప్పటికే చీటీ మీద రెండు బిళ్లలు రాసేసి ఉంటుంది. ఆ పిల్ల డాక్టరుకి వినాలని లేక కాదు, విన్నాక ఏం చేయాలో పక్కన కూర్చుని చూపించినవాళ్లు లేరు.

సిలబస్‌లో సైకోథెరపీ ఉంది, సీబీటీ (ఆలోచనల తీరునూ, ప్రవర్తననూ మార్చే ఒక రకం సైకోథెరపీ) గురించి వైవాలో అడుగుతారు, చెప్తే మార్కులు కూడా వేస్తారు. కానీ చేసి చూపించమనరు. బ్రిటన్‌లో సైకియాట్రీ ట్రైనీలు సూపర్‌విజన్‌లో, అంటే సీనియర్ పర్యవేక్షణలో, తక్కువ కాలం థెరపీ చేసే ఒక షార్ట్ కేసు, ఎక్కువ కాలం చేసే ఒక లాంగ్ కేసు పూర్తి చేయాల్సిందే. నా దృష్టిలో మనకు కావాల్సింది కొత్త లెక్చర్లు కాదు, ఆ సూపర్‌విజనే. వారంలో ఒక మధ్యాహ్నం పీజీనీ, ఒక సీనియర్‌నీ ఓపీ నుంచి విడిపించి ఒకే కేసు మీద కూర్చోబెట్టగలిగితే చాలు. చిక్కల్లా ఆ సీనియర్ కూడా ఇదే పద్ధతిలో చదివి వచ్చినవారే కావడం, అందుకే ముందు ట్రైనింగ్ ఇవ్వాల్సింది మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లకి.