కాకితల్లి అనే తిట్టు, జర్మన్ తెర మీది ఆడవాళ్లు

మనకి కాకిపిల్ల కాకికి ముద్దు. జర్మన్లకి మాత్రం కాకి అంటే పిల్లల్ని పట్టించుకోని తల్లి. పసిపిల్లల్ని వదిలి ఉద్యోగానికి వెళ్లే ఆడమనిషిని అక్కడ 'రాబెన్‌ముట్టర్' అని తిడతారు, అంటే కాకితల్లి. జర్మన్ సినిమాల్లో, సీరియళ్లలో ఇల్లా ఉద్యోగమా అని నలిగిపోయే ఆడవాళ్లు ఎందుకు కనిపిస్తారో తెలియాలంటే ఈ తిట్టుతో పాటు ఆ దేశపు చట్టం కూడా చూడాలి.

పశ్చిమ జర్మనీలో 1958 జూలై దాకా, భార్య చేసే ఉద్యోగాన్ని భర్త కోర్టు అనుమతి తీసుకుని మాన్పించగలిగేవాడు. ఆ తర్వాత కూడా, కాపురానికీ ఇంటి బాధ్యతలకీ అడ్డు రానంత వరకే ఆమె పనికి వెళ్లొచ్చని చట్టంలో ఉండేది. అది పోయింది 1977లో. పైగా బడులు మధ్యాహ్నానికే వదిలేసేవారు, పిల్లలకి అన్నం పెట్టడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, ఆ మనిషి దాదాపు ఎప్పుడూ తల్లే.

ఇది మనసులో పెట్టుకుని ఫాస్‌బిండర్ తీసిన 'మరియా బ్రౌన్ పెళ్లి' (1979) చూడండి. బాంబులు పడుతుండగా పెళ్లి, ఒక పూట, ఒక రాత్రి కాపురం, అంతే, భర్త యుద్ధానికి వెళ్లిపోతాడు. తిరిగొచ్చాక ఆమె చేసిన హత్యని తన మీద వేసుకుని జైలుకి పోతాడు. ఆమె వ్యాపారంలో పైకి ఎదుగుతుంది, డబ్బు కూడబెడుతుంది, ఇదంతా మా ఇద్దరి కోసమే అనుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకిది పతిభక్తి కథలా అనిపించింది. రెండోసారి చూస్తే అర్థమైంది, పైకి రావాలన్న ఆశ తనదేనని ఒప్పుకునే వీలు ఆ కాలం ఆమెకి ఇవ్వలేదు. చివర్లో రేడియోలో 1954 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ కామెంటరీ వస్తుంటే, దేశమంతా గెలుపు కోసం చెవులు రిక్కించుకున్న ఆ గంటలో, గ్యాస్ పేలి మరియా ఇల్లు కూలిపోతుంది.

తూర్పు జర్మనీలో కథ తిరగబడింది. అక్కడ ఆడవాళ్లు పనికి రావాలని ప్రభుత్వమే కోరుకునేది, క్రెష్‌లు నడిపేది. అందుకే 1973లో వచ్చిన 'పాల్, పౌలాల గాథ'లో పౌలా ఉద్యోగం ఎవరికీ సమస్య కాదు. ఆమె ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతూ సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తుంది. ప్రేమకి అడ్డం వచ్చేది ప్రభుత్వోద్యోగి అయిన పాల్‌కి తన హోదా మీదున్న భయం. నాకు ఆ సినిమా అంటే ప్రాణం, ముఖ్యంగా అతను చివరికి గొడ్డలితో ఆమె తలుపు పగలగొట్టే సీను.

టీవీకి ఇదంతా నెమ్మదిగా చేరింది. 1985 డిసెంబర్‌లో మొదలై 2020 మార్చి దాకా ఆదివారం సాయంత్రాలు నడిచిన 'లిండెన్‌ష్ట్రాసె' సీరియల్లో హెల్గా బైమర్ మొదట అచ్చమైన ఇల్లాలు. భర్త ఇంకో ఆమె కోసం వెళ్లిపోయాక ఆమె జీవితం మళ్లీ మొదలుపెట్టుకోవడాన్ని ప్రేక్షకులు ఏళ్ల తరబడి చూశారు. ఒక్క సినిమాకి అంత ఓపిక ఉండదు.

ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ శిశు సంరక్షణలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టులో గానీ రాలేదు. మూడేళ్లకి మారెన్ ఆడె తీసిన 'టోని ఎర్డ్‌మన్' వచ్చింది. బుఖారెస్ట్‌లో కన్సల్టెంట్‌గా పనిచేసే ఇనెస్‌కి భర్త లేడు, పిల్లల్లేరు, కాకితల్లి అనే తిట్టు ఆమెకి తగలదు, ఉద్యోగం మానమనే హక్కు ఎవరికీ లేదు. విగ్గు, కట్టుడు పళ్లు పెట్టుకుని ఆమె వెంట పడే తండ్రి మాత్రం, ఇక్కడ సంతోషంగా ఉన్నావా అని అడుగుతాడు. ఆమె సూటిగా జవాబు చెప్పదు.