బోను తలుపు తీసేముందు

జమ్మలమడుగు

పాపకూ చిన్నోడికీ అబ్బ దీవెనలు.

చిన్నోడు ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడని మీ అవ్వ చెప్పింది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే కంప్యూటర్ ఆటలో, బోనులో పడిన గాబ్లిన్ అనే శత్రువును బయటికి తీస్తే వాడు మీ కోటలోని మరుగుజ్జుల్లో ముగ్గుర్ని నరికేశాడట కదా. దసరా సెలవుల్లో మీ పక్కన కూర్చుని చూసిన ఆటే. మీరు పోయినాక నేనూ కొంచెం ఆడినా. నవ్వొద్దు.

వాణ్ణి పట్టడంలో మీ తప్పేం లేదు. ఆ ఆటలో బోను భలే గట్టిది. చెక్క బోనులో డ్రాగన్ పడినా కిక్కురుమనదు. లోపలున్న శత్రువుకు తిండి కూడా పెట్టనక్కర్లేదు, ఏళ్ళ తరబడి అట్లే ఉంటాడు. కోబోల్డ్‌లనే దొంగ జీవాలు మాత్రం ఆ బోను ఉచ్చుల్లో పడవు. వాటి కోసం వాకిట్లో కుక్కను కట్టేయండి.

చిక్కంతా బయటికి తీసేటప్పుడే. మన ఇంట్లో ఎలుక పడినప్పుడు మీ అవ్వ ఏం చేసిందో గుర్తుందా? ‘పడిందా లేదా చూస్తా’ అని వంటింట్లోనే బోను తలుపెత్తింది. ఎలుక నేరుగా బియ్యం మూట వెనక్కి దూరింది. రెండు రోజులు వెతికినాం. ఎలుకకు పళ్ళే ఉన్నాయి, మీ గాబ్లిన్‌కు కత్తి, డాలు, ఇనప టోపీ అన్నీ ఉన్నాయి. బోనులో పడినంత మాత్రాన అవి ఊడిపోవు.

కాబట్టి ముందు వాటిని ఊడబీకండి. చెత్త పారేసే చోటు ఒకటి గీసుకుని, బోనులున్న చోటంతా ఒకేసారి ‘డంప్’ గుర్తు పెట్టండి. అప్పుడు బోనుకు కూడా గుర్తు పడుతుంది, దానికొక్కదానికి తీసేయాలి. నేను మర్చిపోతే మావాళ్ళు ఖైదీతో సహా బోనునే మోసుకుపోయి చెత్తకుప్పలో పెట్టినారు! మిగతావన్నీ ఒక్కొక్కటే లాగేస్తారు, లోపలోడు కదలడు. పారేసిన సామాన్ల మీద ఆట ‘వాడొద్దు’ అని అడ్డు పెడుతుంది. అది తీసేస్తే ఇనుమంతా కొలిమిలో కరిగించుకోవచ్చు. నాకైతే ఆ ఇనుమే అసలు లాభం.

ఆ తర్వాత వాణ్ణి ఏం చేయాలన్నది మీ ఇష్టం. చేత్తో పట్టుకుపోయి గోతిలో తోయించడం నాకు నచ్చదు, దారిలో ఏమవుతుందోనని టెన్షన్. గదిలో బోను బిగించి, దానికీ దూరంగా ఉన్న మీటకూ లంకె పెట్టండి. ఒక్కో లంకెకు మెకానిజాలనే యంత్ర భాగాలు రెండు కావాలి. సిపాయిలు లోపల, పనివాళ్ళు బయట, తలుపులకు తాళం. అప్పుడు మీట లాగండి.

గండికోటకు పోయినప్పుడు జైలు గోడలు చూసి ‘ఇంత మందమెందుకబ్బా?’ అని పాప అడిగింది. అప్పుడు జవాబు చెప్పలేకపోయినా. ఆ కోటకు ఒక పక్క పెన్నా లోయే కాపలా, లోపల పట్టి పెట్టిన మనిషికి మాత్రం గోడే కావాల కదా.

అది సరే, చచ్చిపోయిన ముగ్గుర్నీ శవపేటికల్లో పెట్టినారా? శవాలు దొరక్కపోతే పేర్లు చెక్కిన పలకైనా నిలబెట్టండి. లేకుంటే దయ్యాలై కోటంతా తిరుగుతారు, మళ్ళీ రాత్రిపూట ఫోన్ చేస్తారు మీరు.

మీ అబ్బ