106కూ 105కూ మధ్య ఒక్క మాట: ‘తెలిసీ’

జాతీయ రహదారి 44 మీద ఒకేసారి పదిమంది పోయిన ప్రమాదం జరిగితే, అనంతపురంలోనైనా కర్నూలులోనైనా బాధితుల కుటుంబాలు న్యాయవాదిని మొదట అడిగేది ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ పెట్టారనే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు, బైకు నడిపిన యువకుడు మరణించినప్పటి నుంచి ఆ ప్రశ్న మరింత పదునెక్కింది. భారతీయ న్యాయ సంహిత 106(1) కింద నిర్లక్ష్యపు మరణానికి గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు. స్టేషన్ బెయిల్ కూడా దొరుకుతుంది. ప్రాణం పోవచ్చని తెలిసీ చేసిన పనికి, అంటే హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యకు సంబంధించిన 105 రెండో భాగమైతే శిక్ష 10 ఏళ్ల దాకా ఉంటుంది, బెయిల్ హక్కుగా రాదు, విచారణ సెషన్స్ కోర్టులో సాగుతుంది.

పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యపు మరణానికి 1870లో 304-ఏ (నేటి 106(1)) చేరిన కథ అందరూ ఎరిగినదే. నేటి వాదమంతా అలిస్టర్ ఆంథొనీ పెరీరా కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఇచ్చిన తీర్పు చుట్టూ తిరుగుతోంది. 2006 నవంబరులో ముంబయి కార్టర్ రోడ్డులో మద్యం తాగి నడిపిన కారు కాలిబాటపై నిద్రిస్తున్న కూలీల మీదికి దూసుకెళ్లడంతో ఏడుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. కింది కోర్టు దాన్ని నిర్లక్ష్యంగానే చూసి 6 నెలల శిక్షతో సరిపెట్టగా, హైకోర్టు 304 రెండో భాగం (నేటి 105 రెండో భాగం) కింద 3 ఏళ్లు విధించింది. ఒకే పని అజాగ్రత్తా, తెలిసి చేసిన నేరమూ ఎలా అవుతుందని నిందితుడు వాదించాడు. ప్రాణాలు పోయే అవకాశం ఉందని తెలిసీ దుడుకుగా ప్రవర్తిస్తే 304 రెండో భాగం వర్తిస్తుందని, ఆ రెండు అభియోగాలూ పరస్పర విరుద్ధం కావని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఎరుకను ఎవరూ ఒప్పుకోనక్కరలేదు, పరిస్థితులే చెబుతాయి.

బస్సు యజమానుల పక్షం దీనికి ముందటి భోపాల్ గ్యాస్ దుర్ఘటన కేసు ఉత్తర్వును చూపిస్తుంది. ఆ రాత్రి కర్మాగారం నడిపితే మనుషులు చస్తారని నిందితులకు తెలుసని చూపే ఆధారం లేదంటూ సుప్రీంకోర్టు 1996లో అభియోగాన్ని 304-ఏకు దించింది. అందుకే వేల ప్రాణాల కేసులో 2010లో పడింది 2 ఏళ్ల శిక్షే. దాన్ని సరిదిద్దాలని సీబీఐ వేసిన క్యూరేటివ్ పిటిషన్ (సుప్రీంకోర్టు తన తుది నిర్ణయాన్నే సరిదిద్దుకోవాలని కోరే చివరి అర్జీ), 14 ఏళ్ల ఆలస్యానికి సరైన కారణం చూపలేదంటూ 2011లో కొట్టివేతకు గురైంది.

డ్రైవరు తాగాడా అన్నదానికి రక్తపరీక్ష సమాధానం చెబుతుంది. అత్యవసర ద్వారం పనిచేయదని, ఫిట్‌నెస్ గడువు తీరిందని తెలిసీ బస్సును రోడ్డెక్కించిన యజమాని ఎరుకకు అలాంటి పరీక్ష లేదు. దాన్ని కాగితాల్లోనే వెతకాలి. ఆ కాగితాలు మొదటి రోజుల్లోనే దర్యాప్తు అధికారి చేతికి రావాలి. అప్పుడే కేసును 106 నుంచి 105కు మార్చే సెక్షన్ మార్పు మెమో కోర్టుకు వెళుతుంది.

పెరీరా కేసులో 3 ఏళ్లు చాలా తక్కువని సుప్రీంకోర్టే అన్నది. ప్రభుత్వం అప్పీలు చేయలేదు గనుక పెంచలేదు. నేటికీ శిక్ష చాలదంటూ అప్పీలుకు వెళ్లే హక్కు బాధితులకు లేదు. తక్కువ నేరం కింద శిక్షించారని మాత్రం వెళ్లవచ్చు.