కథ దొంగల భయం, చదవని సంతకం: టీనేజ్ నవలల చుట్టూ కొన్ని అపోహలు

నేను టీనేజ్ పిల్లల కోసం నవలలు రాస్తానని తెలిసినవాళ్ల ఫోన్లు చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "మేడమ్, మా అమ్మాయి నవల రాసింది. కాపీరైట్ తీసుకోకుండా ఎవరికైనా చూపిస్తే కొట్టేస్తారట కదా?" అడిగేది ఎక్కువగా నాన్నలే. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. కూతురు ఎండాకాలం సెలవులన్నీ కూర్చుని రాసింది ఎవరో ఎగరేసుకుపోతారంటే ఏ తండ్రికైనా టెన్షనే. నా చిరాకంతా ఆ పుకారు మీద, దాన్ని చూపించి వేలకు వేలు గుంజేవాళ్ల మీద.

అపోహ: రిజిస్టర్ చేయిస్తేనే కాపీరైట్.

కాదండీ. కథ నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో రాసినప్పుడే హక్కు రాసినవాళ్లకి వచ్చేస్తుంది. 1957 కాపీరైట్ చట్టంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. కావాలనుకుంటే సాహిత్య రచనకి ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు. రచయిత బతికున్నంతకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. కాకపోతే చట్టం కాపాడేది మీరు రాసిన రాతని, ఐడియాని కాదు. హాస్టల్లో దెయ్యం ఉందన్న ఐడియా ఎవరి సొత్తూ కాదు. ఇంటర్ పిల్లల కథలు రాసేవాళ్లందరం ఆ హాస్టల్ మెట్లు ఎప్పుడో ఒకప్పుడు ఎక్కినవాళ్లమే.

అపోహ: సంతకమేముంది, ఫార్మాలిటీ.

కొంపలు ముంచేది ఇదే. ఎవరో దొంగ వస్తాడని స్నేహితులకి కూడా కథ చూపించనివాళ్లే, కంపెనీ పంపిన పీడీఎఫ్‌ని చివరి పేజీ దాకా స్క్రోల్ చేసి సంతకం పెట్టేస్తారు. నాకు తెలిసిన ఒకమ్మాయి ఇంటర్‌లో ఉండగా ఒక ఆడియో యాప్‌కి సీరియల్ ఇచ్చింది. 18 నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చట్టం ముందు నిలవదు కాబట్టి వాళ్ల నాన్న చేత సంతకం పెట్టించారు. ఎపిసోడ్‌కి ఇంతని డబ్బు వచ్చింది, ఇంట్లో స్వీట్లు పంచారు. తర్వాత దాన్ని పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణకర్త వచ్చినప్పుడు ఆ కాగితం బయటికి తీశారు. ముద్రణ, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ అన్నీ ప్రపంచమంతటా, శాశ్వతంగా యాప్‌కే రాసిచ్చేసి ఉన్నాయి. పాత్రలు కూడా. రెండో భాగం రాయాలన్నా వాళ్లనే అడగాలి. ఆ పిల్ల ఏడుస్తుంటే తండ్రి నా ముందు తల దించుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఏమనగలను?

ఏ హక్కు, ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి, ఎంతకి: ఈ నాలుగూ చూడకుండా సంతకం పెట్టొద్దు. అసైన్‌మెంట్‌కీ లైసెన్స్‌కీ మధ్య ఇల్లు అమ్మడానికీ అద్దెకివ్వడానికీ ఉన్నంత తేడా ఉంది. చట్టంలోని 19వ సెక్షన్ నిజానికి రచయిత పక్షానే ఉంటుంది. హక్కు రాసివ్వడం కాగితం మీద, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది మళ్లీ మీదే. కంపెనీల లాయర్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే "పర్పెచ్యువల్" (అంటే శాశ్వతంగా), "వరల్డ్‌వైడ్", "వాడకపోయినా హక్కు మాదే" అన్న ముక్కలు ఆ కాగితాల్లో మర్చిపోకుండా ఉంటాయి. వాటిని తీసెయ్యమని అడగండి. అడిగితే అవకాశం పోతుందని కొత్తవాళ్లు వణుకుతారు. నేను అడిగిన చోట్ల చాలామంది తీసేశారు. తియ్యనివాళ్లకి నవల ఇవ్వలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) కొనుక్కోవాలా? అక్కర్లేదు. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ఎవరైనా ప్యాకేజీలో దానికి రేటు కట్టారంటే, మిగతా లెక్కలు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఆ నంబరుకీ కాపీరైట్‌కీ సంబంధం లేదు.

ఉద్యోగం మానేసి రాసుకుంటూ బతకొచ్చా? 150 రూపాయల పుస్తకం, 10 శాతం రాయల్టీ అనుకోండి. 1000 కాపీలూ అమ్ముడైతే చేతికొచ్చేది 15,000. నేను ఇప్పటికీ ఉద్యోగం చేస్తున్నాను.

సాహిత్య అకాడమీ యువ పురస్కారం టీనేజ్ నవలలకి ఇస్తారా? అక్కడ చూసేది రచయిత వయసు, 35 దాటకూడదు. పాఠకుల వయసుతో పని లేదు. మా పుస్తకాలకి దారి బాల సాహిత్య పురస్కారం. "యువకి పంపారా మేడమ్" అని అడిగేవాళ్లకి మాత్రం చాలా థాంక్స్.

ఇక, టీనేజ్ పిల్లలు తెలుగు చదవరన్నది. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఒక సాయంత్రం స్టాల్ దగ్గర నిలబడి చూడండి. అట్ట చూసి పుస్తకం తీసేది పిల్లలే, తిరిగి పెట్టించేది పెద్దవాళ్లు. వెనక అట్ట చదివి, గొంతు తగ్గించి "లవ్ ఉందాండీ ఇందులో?" అంటారు. ఉందండీ. ఇంటర్ పిల్లల కథ కదా, ఉండకుండా ఎలా ఉంటుంది!