పాస్టరుగారి జీతం ఎవరివ్వాలి? అమెరికాలో మూడొందల ఏళ్ల తగాదా

జనం కట్టిన పన్ను సొమ్ము మతబోధ చేసే బడులకు వెళ్లవచ్చా అన్న వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టులో ఒక పట్టాన తెగడం లేదు. ప్రైవేటు బడుల ఫీజులకు ప్రభుత్వం సాయం చేస్తున్నప్పుడు మతబడులను మాత్రం వేరుచేసి ఆపకూడదని 2022లో మెయిన్ రాష్ట్రం కేసులో తీర్పు వచ్చింది. 2025 మేలో ఓక్లహోమా రాష్ట్రపు క్యాథలిక్ చార్టర్ స్కూలు (సర్కారు సొమ్ముతో ప్రైవేటువాళ్లు నడిపే బడి) కేసులో జడ్జీలు 4-4గా చీలిపోవడంతో, ఆ బడికి సర్కారు సొమ్ము చెల్లదన్న రాష్ట్ర కోర్టు మాటే నిలిచింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా అందరూ, చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలన్న మూడో అధ్యక్షుడు జెఫర్సన్‌ని తలుచుకుంటారు. నిజానికి జెఫర్సన్ పుట్టకముందే, మాసచూసెట్స్ పల్లెల్లో పాస్టరు జీతం పన్ను కట్టనివాళ్ల ఆవుల్ని, ఇత్తడి సామాన్లని జప్తు చేసే రోజుల్లోనే ఈ తగాదా మొదలైంది.

1691లో ఆ ఇంగ్లీషు వలసకు కొత్త చార్టర్ (రాజు ఇచ్చే పాలనా పత్రం) వచ్చింది. క్యాథలిక్కులు తప్ప క్రైస్తవులెవరైనా తమ పద్ధతిలో ఆరాధన చేసుకోవచ్చని అందులో ఉంది. అంతకుముందు ఓటు వేయాలంటే సంఘసభ్యుడై ఉండాలి, ఇకమీదట ఆస్తి ఉంటే చాలు. పైకి చూస్తే, ఆ వలసను నెలకొల్పిన ప్యూరిటన్ల (ఇంగ్లండు చర్చిని ఇంకా శుద్ధి చేయాలన్న ప్రొటెస్టెంట్ల) పెత్తనం పోయినట్టే. కానీ మరుసటి ఏడే వలస శాసనసభ ఒక చట్టం చేసింది. ప్రతి ఊరూ చదువుకున్న, సంప్రదాయం తప్పని బోధకుణ్ణి పెట్టుకోవాలి, ఊరివాళ్లంతా పన్ను కట్టి ఆయన్ని పోషించాలి. కానుకలతో సంఘాలు నడుపుకునే బోస్టన్‌కు మాత్రం ఇది వర్తించలేదు. మిగతా ఊళ్లలో లెక్క ఒకటే: ఆరాధన నీ ఇష్టం, పన్ను మా పాస్టరుకి. ఈ మెలిక విప్పడానికి నూటనలభై ఏళ్లు పట్టింది.

ఆ పన్ను చాలామందికి అన్యాయమనిపించలేదు. మీటింగ్ హౌస్‌లో ఆదివారం ప్రార్థన జరిగితే, మిగతా రోజుల్లో ఊరి సభ కూడా అక్కడే జరిగేది. విశ్రాంతి దినం శనివారం పొద్దుగూకగానే మొదలయ్యేది. మర్నాడు పొద్దున ఒక ప్రసంగం, మధ్యాహ్నం ఇంకొకటి. ఎముకలు కొరికే చలిలో కూడా లోపల పొయ్యి ఉండదు. ఎవరు ఏ బెంచీ మీద కూర్చోవాలో వయసు, ఆస్తి, హోదా చూసి ఒక కమిటీ నిర్ణయించేది. బానిసలు ఎక్కడో గ్యాలరీలో. దేవుడి ముందు అందరూ ఒకటేనని వినడానికి వచ్చినవాళ్లు ముందు వరస కోసం పోట్లాడుకోవడం మామూలే.

బోస్టన్ జడ్జి శామ్యూల్ సూవల్ డైరీలో ఆ రోజులు కళ్లకు కడతాయి. మంత్రగత్తెలన్న నెపంతో జనాన్ని ఉరితీసిన సేలం ఊరి కేసుల్లో జడ్జిగా తన పాత్రకు 1697లో సంఘమంతటి ముందూ లేచి నిలబడి తప్పు ఒప్పుకున్న మనిషి ఆయన. డిసెంబరు 25న దుకాణాలు తెరిచే ఉన్నాయనీ, బళ్లు మామూలుగానే ఊళ్లోకి వచ్చాయనీ తృప్తిగా రాసుకునేవాడు. బైబిల్లో లేని పండగ ప్యూరిటన్లకు పండగ కాదు మరి. సంఘంలో కీర్తనకు రాగం ఎత్తుకునేది కూడా ఆయనే. 1718లో ఒకనాడు యార్క్ రాగం ఎత్తుకుంటే గ్యాలరీ జనం దాన్ని సెయింట్ డేవిడ్స్‌లోకి లాక్కుపోయారట. ముసలాయన మనసు కష్టపెట్టుకుని ఆ పని మానుకున్నాడు.

ఇంతా చేసి, పన్ను కట్టేవాళ్లందరికీ ప్రభువు బల్లలో (సంఘం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) పాలు లేదు. బల్ల దగ్గరికి రావాలంటే తన మారుమనసు గురించి సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. పిల్లలూ మనవలూ అంత ధైర్యం చేయలేకపోయారు. సాక్ష్యం చెప్పని తల్లిదండ్రుల బిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడానికి 1662లోనే ఒక సగం దారి వెతికారు. నార్తాంప్టన్ పాస్టరు సాలమన్ స్టోడర్డ్ ఇంకా ముందుకెళ్లి, నడవడి బాగున్నవారినందరినీ బల్లకు రానిచ్చాడు. నాకు తోచినంతలో, బయటివాళ్లు ఎదురు తిరగకముందే ఈ ఏర్పాటు లోపల వదులైంది.

బయటివాళ్లంటే జీతగాడైన పాస్టరే అక్కర్లేదనే క్వేకర్లు, పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలనే బాప్టిస్టులు. డార్ట్‌మౌత్, టివర్టన్ ఊళ్లలో వాళ్లదే బలం. ఇష్టం లేని పాస్టరును పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినకపోయేసరికి, శాసనసభ ఆయన జీతాన్ని ఆ ఊళ్ల మామూలు పన్నులోనే కలిపేసింది. అంచనాలు వేయాల్సిన ఊరి అధికారులు వేయం పొమ్మన్నారు. 1723లో వాళ్లను జైల్లో పెట్టారు. క్వేకర్లు ఊరుకోలేదు, లండన్‌లో తమవాళ్ల ద్వారా రాజుకు అర్జీ పెట్టారు. 1724లో ప్రివీ కౌన్సిల్ (రాజుగారి సలహా మండలి) ఆ పన్ను రద్దుచేసి ఖైదీల్ని వదలమంది. ఇంగ్లండులో హింస తప్పించుకుని వచ్చినవాళ్ల మనవలకు, హింస మానుకోమని ఇంగ్లండు చెప్పాల్సి వచ్చిందన్నమాట.

ఇంగ్లండు అధికారిక చర్చికి చెందిన ఆంగ్లికన్ల దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. 1722లో యేల్ కాలేజీ పెద్ద తిమోతీ కట్లర్ తాను ఆంగ్లికన్ మతాన్ని ఒప్పుకున్నానని ప్రకటించి పదవి పోగొట్టుకున్నాడు. (ఆ కాలేజీకి పేరిచ్చిన ఎలైహూ యేల్ మన మద్రాసు సెయింట్ జార్జి కోట గవర్నరుగా చేసినవాడు. 1718లో ఆయన పంపిన సరుకుల్ని అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి.) లండన్ అండ ఉన్న ఆంగ్లికన్లను కాదనడం కష్టం. 1727లో మాసచూసెట్స్ శాసనసభ ఆంగ్లికన్లకు వెసులుబాటు ఇచ్చింది: తమ చర్చికి ఐదు మైళ్ల లోపు ఉండి, అక్కడికే వెళ్తుంటే వాళ్ల పన్ను వాళ్ల పాస్టరుకే. మరుసటి ఏడు క్వేకర్లకు, బాప్టిస్టులకు కూడా కొంత మినహాయింపు దొరికింది. దానికి ఫలానా వాడు మావాడేనని వాళ్ల సంఘం సర్టిఫికెట్ ఇవ్వాలి.

మాసచూసెట్స్, కనెక్టికట్ లాంటి వలసలున్న న్యూ ఇంగ్లండు ప్రాంతం దాటితే సంగతి వేరు. పెన్సిల్వేనియాలో ఈ పన్నే లేదు; న్యూ ఇంగ్లండులోనిదే అయినా రోడ్ ఐలండ్‌లోనూ లేదు. వర్జీనియాలో పన్ను ఆంగ్లికన్ చర్చికి, జీతం పొగాకులో: 1696 చట్టం ప్రకారం ఏడాదికి 16,000 పౌన్లు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన బానిసకు విడుదల లేదని 1667లోనే చట్టం రాసుకున్న వలస అది.

1740లో ఇంగ్లండు బోధకుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ ఊరూరా తిరిగి ఆరుబయట వేల మందికి ప్రసంగించాక సంఘాలు చీలాయి. విడిపోయినవాళ్లు ఇచ్చే సర్టిఫికెట్లను అధికారులు ఒప్పుకునేవారు కారు. 1752లో కనెక్టికట్‌లోని నార్విచ్‌లో ఎలిజబెత్ బ్యాకస్ అనే వితంతువును, జబ్బుతో ఉన్నా, పన్ను కట్టలేదని జైలుకు తీసుకెళ్లారు. ఆమె కొడుకు ఐజక్ తర్వాత బాప్టిస్టు పాస్టరయ్యాడు. సర్టిఫికెట్లే ఇవ్వొద్దని 1773లో తనవాళ్లకు నచ్చజెప్పాడు. మినహాయింపు కోసం చెయ్యి చాచామంటే, పన్ను వేసే హక్కు వాళ్లకుందని ఒప్పుకున్నట్టేనని ఆయన వాదన. ఈ మొత్తం కథలో నాకు పదునుగా కనిపించే మాట ఇదే.

స్వాతంత్ర్యం వచ్చాక 1791లో, మతాన్ని స్థాపించే చట్టం చేయకూడదంటూ అమెరికా రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ కాంగ్రెస్ (కేంద్ర శాసనసభ) చేతులే కట్టింది, రాష్ట్రాల జోలికి పోలేదు. అందుకే 1802లో జెఫర్సన్ చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ గురించి రాసిన ఉత్తరం అందుకున్న డాన్‌బరీ బాప్టిస్టులు, కనెక్టికట్‌లో అప్పటికీ సర్టిఫికెట్ల కిందే బతుకుతున్నారు. అక్కడ 1818లో ఆ పద్ధతి పోయింది. మాసచూసెట్స్ ఇంకా పట్టు విడవలేదు. ఇంతలో డెడమ్ ఊళ్లో పన్ను కట్టే జనం ఒక ఉదారవాద పాస్టరును ఎన్నుకున్నారు, సంఘసభ్యుల్లో ఎక్కువమంది వద్దన్నారు. వ్యాజ్యం కోర్టుకెక్కితే, పన్ను కట్టేవాళ్ల మాటే చెల్లుతుందనీ, ఆస్తి కూడా వాళ్లవైపే ఉంటుందనీ తీర్పు వచ్చింది. ఊరి తర్వాత ఊరు యూనిటేరియన్ల (త్రిత్వాన్ని ఒప్పుకోని ఉదారవాదుల) చేతికి పోతుంటే, నిన్నటిదాకా ఆ పన్నును కాపాడిన సంప్రదాయవాదుల్లోనే చాలామంది అది వద్దనసాగారు. 1833లో రాజ్యాంగం సవరించి దాన్ని తీసేశారు.