చెరకు రైతుకు భాగస్వామి ఎవరు? ఆమదాలవలస నుంచి సంకిలి దాకా

పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు గానుగ ఆడుతున్న చక్కెర ఫ్యాక్టరీ ఒక్కటే. అది సంకిలిలో ఉంది. సంకిలి ఉన్న రేగిడి ఆమదాలవలస మండలం 2022 ఏప్రిల్ పునర్విభజనలో విజయనగరంలో కలిసింది. అంటే శ్రీకాకుళం జిల్లాకు ఇక తనదంటూ పనిచేసే చక్కెర ఫ్యాక్టరీ లేదు. ఆమదాలవలస సహకార ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. జామి మండలం భీమసింగిలో విజయరామ గజపతి సహకార చక్కెర ఫ్యాక్టరీ ఆగిపోయింది. సీతానగరం మండలం లచ్చయ్యపేటలోని ప్రైవేటు ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది.

ఈ నేపథ్యంలో చిన్న రైతును ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతోనే నిలబెట్టాలన్న మాట తరచు వినిపిస్తోంది. ఫ్యాక్టరీ మొక్కలు ఇస్తుంది, ప్రభుత్వం డ్రిప్‌కు రాయితీ ఇస్తుంది, బ్యాంకు అప్పిస్తుంది, రైతు పండిస్తాడు. వినడానికి కొత్తగా ఉంటుంది గానీ చెరకులో ఇది కొత్త సంగతి కాదు. ఈ పంట మొదటి నుంచీ ప్రభుత్వం గీసిన గీతల మధ్యే నడిచింది. ఆ గీతల అవతల ఫ్యాక్టరీ యజమాని మాత్రం మారుతూ వచ్చాడు. ఒకప్పుడు సహకార సంఘం, తర్వాత ప్రభుత్వం, ఆ తర్వాత ప్రైవేటు కంపెనీ.

మొదట ప్రభుత్వం వైపు చూద్దాం. అనకాపల్లిలో చెరకు పరిశోధన కేంద్రం 1913లో మొదలైంది. ఉత్తరాంధ్ర పొలాల్లో నాటిన రకాల్లో చాలావాటికి పేరులో ఉండే ‘ఏ’ అక్షరం అక్కడిదే. విశ్వామిత్ర అని రైతులు పిలిచే 87ఏ298 అందులో ఒకటి. 1932లో విదేశీ చక్కెర మీద సుంకం వేసి దేశీయ మిల్లులకు రక్షణ ఇచ్చారు. ఆ ఊపులోనే 1933లో ఏటికొప్పాకలో సహకార చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. దేశంలో మొదటి సహకార చక్కెర ఫ్యాక్టరీల్లో అదొకటి. రైతులే వాటాదారులు, రైతులే చెరకు ఇచ్చేవాళ్లు. ఆ నమూనా చూసే తర్వాత ఆమదాలవలస, భీమసింగి వంటి చోట్ల సహకార ఫ్యాక్టరీలు వెలిశాయి. సభ్యుల వాటాధనం పక్కన ప్రభుత్వ వాటాధనమూ, హామీతో తెచ్చిన అప్పులూ ఉండేవి. కాబట్టి సహకారం అన్నది పేరుకు రైతులదే అయినా పెత్తనంలో సగం సర్కారుదే. ఎన్నికలు జరగని ఏళ్లలో పాలకవర్గం కుర్చీలో అధికారి కూర్చోవడం ఈ జిల్లాల రైతులకు వింతేమీ కాదు.

అసలు కట్టు 1961లో పడింది. ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం ప్రకారం ప్రతి ఫ్యాక్టరీకీ కొన్ని గ్రామాలు కేటాయిస్తారు. దాన్నే జోన్ అంటాం. ఆ గ్రామాల్లో ఒప్పందం రాసుకున్న చెరకును ఫ్యాక్టరీ కొనాలి, రైతు ఆ ఫ్యాక్టరీకే తోలాలి. దీన్ని తప్పు పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నా మటుకు నాకు దీని వెనుక లెక్క అర్థమవుతుంది. చెరకు నరికిన దగ్గర నుంచి బరువు తగ్గుతూ, చక్కెర శాతం పడిపోతూ వస్తుంది. ఒక రోజులో గానుగకు చేరకపోతే నష్టం మొదలైనట్టే. అంత తొందర సరుకును ఊళ్ల మీద తిప్పి బేరం ఆడలేం. దగ్గరలో ఒక ఫ్యాక్టరీ, దానికి నమ్మకంగా చెరకు, ఇదీ ఏర్పాటు. అదే చట్టంలో చెరకు అభివృద్ధి మండళ్లు కూడా ఉన్నాయి. విత్తనం, రోడ్లు, తెగుళ్ల నివారణ వంటి పనులు ఫ్యాక్టరీ, రైతులు, ప్రభుత్వం కలిసి చూసుకోవాలన్నది వాటి ఉద్దేశం. ఇప్పుడు భాగస్వామ్యం పేరుతో చెబుతున్నది దాదాపు అదే. జోన్ మిగిలింది. మండళ్లు మాత్రం కాగితాల్లోకి జారిపోయాయి.

ధర విషయంలో 1966 నాటి కేంద్ర చెరకు నియంత్రణ ఉత్తర్వు ఇప్పటికీ ఆధారం. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలి. ఈ రెండు వాక్యాలు తెలిసిన రైతు కంటే తెలియని రైతే ఎక్కువ. తెలిసినా ఆ వడ్డీ అడిగి పుచ్చుకున్నవాళ్లు అరుదు.

ధర లెక్కలో ఇంకో మెలిక ఉంది. 2009 దాకా కేంద్రం కనీస మద్దతు తరహా ధర ప్రకటించేది, ఆ ఏడాది నుంచి అది న్యాయమైన, లాభసాటి ధర అయింది. అందరూ ఎఫ్‌ఆర్‌పీ అనేది దాన్నే. ఈ ధర చక్కెర రికవరీకి, అంటే గానుగాడిన చెరకు బరువులో ఎంత శాతం చక్కెర వచ్చిందన్న లెక్కకు ముడిపడి ఉంటుంది. ఒకప్పుడు 8.5 శాతం రికవరీకి ధర కట్టేవారు. ఆ మెట్టు 2005-06లో 9 శాతానికి, 2009-10లో 9.5కు, 2018-19లో 10కి, 2022-23లో 10.25కు ఎక్కింది. 2025-26కు ప్రకటించిన టన్నుకు రూ.3,550 ధర 10.25 శాతం రికవరీ వచ్చినచోటికే. రికవరీ 9.5 లేదా అంతకన్నా తక్కువైతే చేతికి వచ్చేది రూ.3,290.50. టీవీలో వినిపించేది మొదటి అంకె. ఉక్కపోత వాతావరణం, నీరు నిలిచే పల్లపు పొలాలు, ఎర్రకుళ్లు తెగులు, ఆలస్యమయ్యే నరుకుడు, ఇవన్నీ ఉన్న కోస్తాలో పై మెట్టు అందుకోవడం కష్టం. పైగా రికవరీని రైతువారీగా కొలవరు, ఫ్యాక్టరీ మొత్తానికి సగటు కడతారు. మంచి తోట పెంచినవాడికీ, పడిపోయిన తోట తోలినవాడికీ టన్నుకు ఒకటే రేటు.

యాజమాన్యాలు మారిన కథ 1990ల తర్వాత వేగం అందుకుంది. 1998లో కేంద్రం చక్కెర పరిశ్రమకు లైసెన్సు విధానం ఎత్తేసింది. ఆ దశాబ్దం చివరిలోనే సంకిలిలో రాజాం వాసి గ్రంధి మల్లికార్జునరావు సంస్థ జీఎంఆర్ ఫ్యాక్టరీ పెట్టింది, కొన్నేళ్లకు అది ఈఐడీ ప్యారీ చేతికి వెళ్లింది. ప్రభుత్వరంగ నిజాం షుగర్స్ కింద ఉన్న లచ్చయ్యపేట యూనిట్‌ను 2000 దశకం మొదట్లో ప్రైవేటుకు అమ్మేశారు, అది ఎన్‌సీఎస్ షుగర్స్ అయింది. ఇంచుమించు అదే కాలంలో ఆమదాలవలస మూతపడింది. అక్కడి నుంచి ప్రతి ఎన్నికల్లో దాన్ని తెరిపిస్తామనే హామీ వినిపిస్తూనే ఉంది.

సహకారం నష్టాల్లో ఉంది కాబట్టి ప్రైవేటు వస్తే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకానికి లచ్చయ్యపేటే జవాబు చెప్పింది. 2021 నవంబరులో బకాయిల కోసం రైతులు అక్కడ రోడ్డెక్కారు, పోలీసులతో ఘర్షణ జరిగింది. బకాయి రూ.16 కోట్లకు పైనే. చివరికి ప్రభుత్వం రెవెన్యూ రికవరీ చట్టం కింద ఫ్యాక్టరీ చక్కెర నిల్వలు, భూములు వేలానికి పెట్టాల్సి వచ్చింది. అలాగని సహకారమే మేలనలేం, భీమసింగి వైపు చూస్తే ఆ మాట నోట రాదు. ఆ జోన్ చెరకును సంకిలికి మళ్లించినప్పుడు కిరాయి ఎవరిదన్న తగువు మొదలైంది. మళ్లించిన చెరకు ఎప్పుడూ నరుకుడు వరుసలో వెనకే.

వ్యవసాయ పద్ధతుల వరకు మాత్రం భాగస్వామ్యం పనిచేస్తుందనే చెప్పాలి. పాత పద్ధతిలో ఎకరానికి మూడేసి కళ్లున్న ముచ్చెలు, అంటే గడ ముక్కలు, సుమారు 16 వేలు నాటాలి. అంటే మంచి తోటలో కొన్ని టన్నుల చెరకును విత్తనంగానే మట్టిలో పెట్టేయాలి. ఎకరం రైతుకు అదే పెద్ద ఖర్చు. దీనికి బదులు చెరకు గడ నుంచి ఒక్కో కన్ను మాత్రమే చిన్న చెక్కలా కోసి, ట్రేలలో కొబ్బరి పొట్టు పోసి, షేడ్‌నెట్ కింద 25 నుంచి 35 రోజులు పెంచి నాటితే, ఐదడుగుల సాళ్లలో ఎకరానికి 5 వేల మొక్కలు చాలు. కన్ను తీసేసిన గడ మిగతాదంతా గానుగకు పోతుంది. ఎడం సాళ్లు కాబట్టి డ్రిప్ పైపు పరచొచ్చు, మధ్యలో మినుము, పెసర వేసుకోవచ్చు. నర్సరీ పెట్టేంత ఓపిక ఎకరం రైతుకు ఉండదు, ఫ్యాక్టరీకి ఉంటుంది. డ్రిప్‌కు రాయితీ ఇచ్చే సూక్ష్మ సేద్య పథకం రాష్ట్రంలో 2003 నుంచీ ఉంది. ఇక్కడ ముగ్గురి పనీ ఒకదానికొకటి అతుకుతుంది.

అతకనిది నరుకుడు. ఫ్యాక్టరీ తరఫున పొలాలు తిరిగే ఫీల్డ్‌మన్ చెరకు నాటిన తేదీ రాసుకుంటాడు, దాన్ని బట్టి సీజన్‌లో కటింగ్ ఆర్డర్ వస్తుంది. ఆర్డర్ చేతిలో ఉంటుంది గానీ కత్తి పట్టే మనిషి ఊళ్లో ఉండడు. శ్రీకాకుళం కూలీ చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో కట్టడం పనిలో ఉంటాడు. కూలీ ముఠా పదెకరాల తోటకు ముందు వెళుతుంది, అరెకరానికి రాదు. ఆర్డర్ గడువు దాటితే మళ్లీ ఫీల్డ్‌మన్ చుట్టూ తిరగాలి. ఈలోగా తోట ఎండుతుంది, నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరగాల్సిన కార్శి తోట పిలక ఆలస్యమవుతుంది. ఈ టెన్షన్ భరించలేక మొక్కజొన్నకు మారినవాళ్లు, పామాయిల్ మొక్కలు తెచ్చుకున్నవాళ్లు కనిపిస్తారు. పామాయిల్‌కు కూడా 1993 చట్టం ప్రకారం ఫ్యాక్టరీ జోన్లే ఉన్నాయన్న సంగతి అప్పటికి గుర్తు రాదు.

అప్పు సంగతి ఇంకాస్త లోతు. ఫ్యాక్టరీ, బ్యాంకు, రైతు కలిసి రాసుకునే త్రైపాక్షిక ఒప్పందంలో చెరకు డబ్బు నేరుగా బ్యాంకుకు వెళుతుంది. బ్యాంకు తన బాకీ పట్టుకుని మిగిలింది రైతు ఖాతాలో వేస్తుంది. చక్కగానే ఉంది. ఫ్యాక్టరీ 14 రోజుల్లో చెల్లించకపోతే మాత్రం బ్యాంకు రికార్డులో గడువు తప్పినవాడు రైతే అవుతాడు. సకాలంలో కడితే వచ్చే వడ్డీ రాయితీ పోతుంది, మరుసటి ఏడాది కొత్త అప్పు దగ్గర ఆ మచ్చ అడ్డం పడుతుంది. ఫ్యాక్టరీ కట్టాల్సిన 15 శాతం వడ్డీ మాత్రం ఎక్కడా జమ కాదు.

చక్కెర రంగంపై కేంద్రం వేసిన రంగరాజన్ కమిటీ 2012లో చక్కెర, ఉప ఉత్పత్తుల ఆదాయంలో 70 శాతం రైతుకు దక్కాలని సిఫార్సు చేసింది. సంకిలి ఫ్యాక్టరీకి డిస్టిలరీ కూడా ఉంది. ఇథనాల్ మీద వచ్చే ఆదాయంలో వాటా గురించి ఏ భాగస్వామ్య ఒప్పందంలోనైనా రాస్తారేమో అడగాల్సిందే. అంతదాకా పోనక్కర్లేని పని ఒకటుంది. రైతు అప్పు గడువును ఫ్యాక్టరీ డబ్బు జమ చేసిన తేదీకి ముడిపెట్టడం, ఆలస్యపు వడ్డీని రైతు అర్జీ పెట్టకుండానే కాటా చీటీ తేదీ నుంచి లెక్కగట్టడం. 1966 ఉత్తర్వులో రెండోదానికి ఆధారం ఎప్పటి నుంచో ఉంది. మొదటిది ఆ త్రైపాక్షిక కాగితంలో ఒక వాక్యం చేర్చితే అయ్యే పని.